పాత తుపాకిని తోమకండి, తునకలు చేయకండి

సంపాదకులకు నమస్కారములు.

లైసెన్సు లేని నాటు తుపాకులు ఉన్నవాళ్లు వాటిని స్వచ్ఛందంగా పోలీసు స్టేషనులో అప్పగించాలన్న ప్రకటనలు మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అప్పుడప్పుడూ వెలువడుతూ ఉంటాయి. అడవి అంచు పల్లెలో పుట్టి పెరిగినవాడిగా వాటిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పందికి పెట్టిన గురి మనిషికి తగిలి ఆరిపోయిన ఇళ్లు నాకు తెలుసు. నా బాధ వేరు. అలా వచ్చి చేరిన కుప్పలో నిన్నమొన్న నీళ్ల పైపుతో చేసిన తుపాకి, రెండు వందల ఏళ్ల కిందట ఓడలో వచ్చి మద్రాసులో దిగిన తుపాకి పక్కపక్కనే పడి ఉన్నా, ఇది వేరు, అది వేరు అని చెప్పగలిగిన మనిషి అక్కడ ఉండడు. రెండింటికీ నాటు తుపాకి అనే పేరే పడుతుంది, రెండూ ఒకే దారిన పోతాయి. ఇంకోవైపు చూస్తే, హైదరాలీ నాటిదనీ టిప్పు సుల్తాను పట్టిందనీ చెప్పి, ఉప్పునీళ్లలో నానబెట్టి తుప్పు పట్టించిన ఇనుమును లక్షలకు అంటగట్టేవాళ్లు తిరుగుతున్నారు. విలువైనది తుక్కులో కలుస్తోంది, తుక్కేమో అద్దాల బీరువాలోకి ఎక్కుతోంది.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఐ.టి.ఐ.లో ఫిట్టరు ట్రేడు బోధించి రిటైరయ్యాను. ఇనుమును ఆకురాయితో, కొలబద్దతో, సన్నటి కొలతలు తీసే వెర్నియరుతో చూడడం ఒక్కటే నాకు వచ్చు. అయితే మూతి నుంచి మందు కూరి పేల్చే పాత తుపాకి దాచుకోదగినదా కాదా అని తేల్చడానికి కావలసినదాంట్లో సగం ఆ చూపే. ఆ చూపు లేక నేను స్వయంగా చేసిన తప్పు ఒకటి ముందు చెప్పుకుంటాను.

మా నాన్నకు పంట కాపలా కోసం ఇలా మూతి నుంచి కూరే, మజిల్ లోడింగ్ అనే రకం తుపాకి ఒకదానికి లైసెన్సు ఉండేది. చెరకు, శనక్కాయ పైర్ల మీద అడవిపందులు పడేవి. తుపాకి ఆయనకు తన తాతల నుంచి వచ్చింది. గొట్టం గోధుమ రంగులో, పాత కొడవలి పిడి దగ్గరి ఇనుములా ఉండేది. సుత్తి, స్ప్రింగు అమర్చి తుపాకిని పేల్చే భాగాన్ని లాకు అంటారు, దాని రేకు మీద ఏదో బొమ్మ లీలగా కనబడేది, అది కుక్క అని నేనూ కాదు పులి అని మా చెల్లెలూ వాదించుకునేవాళ్లం. 1983 దసరాకు ఆయుధ పూజ ముందురోజు, అప్పుడే ట్రేడు నేర్చుకుంటున్న ఉత్సాహంలో, తుపాకిని విప్పి, ముందు ముతక ఎమెరీ కాగితంతోనూ ఆ తరువాత నున్నటిదానితోనూ రుద్ది, గొట్టాన్ని అద్దంలా చేశాను. ఇత్తడి భాగాలను మా అమ్మ పూజ సామానుతో పాటు చింతపండు, ఇటుకపొడి వేసి తోమింది. మరునాడు పసుపు, కుంకుమ పెట్టి గోడకు ఆనిస్తే వీధిలోవాళ్లంతా వచ్చి చూసి పోయారు. మా నాన్న మాత్రం దాన్ని కాసేపు చేతిలో తిప్పి, "కొత్తదాని మాదిరి చేసినావే" అని లోపలికి పోయారు. అది మెచ్చుకోలనే చాలా ఏళ్లు అనుకున్నాను.

ఆ బొమ్మ కుక్కా కాదు, పులీ కాదు. వెనుక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లతో కిరీటాన్ని పట్టుకున్న సింహం. ఈస్టిండియా కంపెనీ తన తుపాకుల మీద 1808 ప్రాంతం నుంచి కొట్టించిన గుర్తు అదేనని నాకు తెలిసేసరికి మా తుపాకి మీద దాని తోక, ఒక వెనుక కాలు మిగిలాయి. అంతకు ముందైతే కంపెనీ గుర్తు హృదయాకారపు గీతలో అక్షరాలు ఇమిడ్చినదిగా ఉండేది. అంటే లాకు మీద ఏ గుర్తు ఉన్నదన్నదాన్ని బట్టే తుపాకి ఏ ఇరవై ముప్పై ఏళ్లలో తయారైందో చెప్పవచ్చు. అర మిల్లీమీటరు లోతు కూడా లేని ఆ గీతల్లో ఉన్న చరిత్రను నేను ఒక మధ్యాహ్నంలో రుద్దిపారేశాను.

అందుకని ఇంట్లో పాత తుపాకి ఉన్నవాళ్లకు మొదటి మనవి: దాన్ని తోమవద్దు. ఎమెరీ వద్దు, చింతపండు వద్దు, బఫింగ్ వద్దు, నికెల్ పూత అసలే వద్దు. గొట్టం మీద ఏళ్ల తరబడి సమంగా పట్టిన గోధుమ రంగు పొర దాని వయసుకు సాక్ష్యం. పొట్టు పొట్టుగా లేచే ఎర్ర తుప్పు ఉంటే నూనె గుడ్డతో మెల్లగా అద్ది ఆపాలే తప్ప లోహం తేలేదాకా గీకకూడదు. ఎనిమిది పలకల గొట్టాలను సానపట్టినప్పుడు పలకల అంచులు గుండ్రబడతాయి, ముద్రల అంచులు కరిగిపోతాయి. వేలితో తడిమితే సబ్బుబిళ్లలా జారుతుంది. సేకరణ తెలిసినవాడు దాన్ని అక్కడికక్కడే కింద పెట్టేస్తాడు.

దానికంటే కూడా ముందు చూడవలసినది ఒకటుంది, అది విలువకు కాదు, ప్రాణానికి సంబంధించినది. కొన్నేళ్ల కిందట పాకాల వైపు మా బంధువుల పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన తుపాకి బయటపడింది. నేను వెళ్లేసరికి పదేళ్ల పిల్లవాడొకడు దాని సుత్తిని వెనక్కి లాగి వదులుతూ ఆడుకుంటున్నాడు. వాడి చేతిలోంచి మెల్లగా తీసుకుని, మూతిని మనుషులు లేని వైపు తిప్పి, పక్కకు నిలబడి, మందు కూరే కడ్డీని గొట్టంలోకి ఆగేదాకా దించి, మూతి దగ్గర కడ్డీ మీద సుద్దముక్కతో గీత పెట్టాను. కడ్డీని బయటికి తీసి, ఆ గీతను మూతి దగ్గరే ఉంచి గొట్టం పైన ఆనించి చూస్తే, దాని రెండో కొస, క్యాపు (సుత్తి దెబ్బకు పేలి మందును అంటించే చిన్న రాగి టోపీ) తొడిగే మొన దాకా రావాలి. అది నాలుగు వేళ్ల మేర ముందే ఆగిపోయింది. అంటే ఆ నాలుగు వేళ్ల జాగాలో ఏదో ఉంది. ఆ ఇంటి పెద్దాయన, "అదా, మా నాయన పోయినప్పటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు మామా" అన్నాడు. ఆ నాయన పోయి నలభై ఏళ్లు. స్టేషనుకు కబురు చేసి, తుపాకుల లైసెన్సు దుకాణం నుంచి పని తెలిసిన మనిషిని పిలిపించి, నీళ్లు పోసి నానబెట్టి బయటికి లాగిస్తే కొబ్బరిపీచు ఉండ, సీసపు రవ్వలు, ఆవగింజల్లా నల్లటి మందు పళ్లెంలో పడ్డాయి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఆ మందు తేమ తగలకుంటే నలభై ఏళ్లేమిటి, నూరేళ్లు గడిచినా తన గుణం పోగొట్టుకోదు. కడ్డీ ముందే ఆగిందంటే లోపల ఉన్నది మందే అనుకోవాలి, దాన్ని ఇంట్లో తీసే ప్రయత్నం చేయకూడదు. కడ్డీతో ఇలా చూడకుండా పాత తుపాకి గొట్టంలోకి కన్ను పెట్టేవాడు ఎంత గొప్ప సేకర్త అయినా నాకు వాడి మీద గౌరవం లేదు.

ఇక కాలం లెక్కకు వద్దాం. మన జిల్లాలో అబద్ధాలు ఎక్కువగా పుడుతున్నది ఇక్కడే. హైదరాలీ 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూశాడు. ఆ ఒక్క కారణంతో మా వైపు తుప్పు పట్టిన ప్రతి తుపాకికీ ఆయనే యజమాని అయ్యాడు. ఆయన కాకుంటే టిప్పు, టిప్పు కాకుంటే పాళెగాళ్లు. 2015లో లండను వేలంలో టిప్పుకు చెందిన ఆయుధాలు, వస్తువులు మొత్తం 60 లక్షల పౌండ్లకు పైగా పలికాయన్న వార్త వచ్చిన తరువాత ఈ జబ్బు మరీ ముదిరింది.

ఒకాయన నాకు "టిప్పు తుపాకి" చూపించి మూడు లక్షలు చెప్పాడు. గొట్టం మీద ఇంగ్లీషు అక్షరాల్లో టిప్పు సుల్తాన్ 1790 అని చెక్కి ఉంది. తన తుపాకి మీద తన శత్రువుల భాషలో, తన శత్రువుల శకంలో పేరూ తేదీ చెక్కించుకునే రాజు ఎవరైనా ఉంటాడా అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. శ్రీరంగపట్నం కార్ఖానాల్లో తయారైన అసలు ఆయుధాల మీద పారసీ అక్షరాలు, పులిచారల అలంకరణ, టిప్పు తానే ఏర్పరచుకున్న మౌలూదీ శకపు సంవత్సరాలు కనిపిస్తాయి. చెక్కడాన్ని పక్కన పెట్టినా, ఆ తుపాకి తన అబద్ధాన్ని తానే చెబుతోంది. దానికి క్యాపు తొడిగే మొన ఉంది. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో తుపాకిని అంటించే పద్ధతికి అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండు మతాచార్యుడు పేటెంటు తీసుకున్నది 1807లో. రాగి క్యాపులు వాడుకలోకి వచ్చింది 1820లలో. బ్రిటిషు సైన్యమే 1840 ప్రాంతం దాకా, రాయి రాల్చే నిప్పురవ్వతో పేలే చెకుముకి తుపాకిని వదలలేదు. టిప్పు 1799 మే 4న యుద్ధంలో మరణించాడు. మరి ఆ క్యాపు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. చెకుముకి తుపాకులను చాలావాటిని తరువాతి కాలంలో క్యాపు తుపాకులుగా మార్చారు. కాబట్టి మొన ఉన్నంత మాత్రాన గొట్టం కొత్తదని తీర్పు చెప్పకూడదు. లాకు రేకును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. రంజకం, అంటే గొట్టంలోని మందుకు నిప్పు అందించే కాస్త మందు, పోసే పళ్లెం, చెకుముకి రాయి తగిలి నిప్పురవ్వలు రాల్చే ఉక్కు రేకు, దాని స్ప్రింగు ఒకప్పుడు బిగించి ఉన్న చోట్ల పూడ్చేసిన మర రంధ్రాలు చుక్కల్లా కనబడతాయి. అవి ఉంటే తుపాకి నిజంగా మారినదే. మార్పు సైన్యపు కార్ఖానాలో జరిగితే పని శుభ్రంగా ఉంటుంది, పల్లె కమ్మరి చేతిలో జరిగితే గొట్టం పక్కన ఒక గుండ్రటి ఇనుప ముక్కను మరబిగించి దానికి మొన దిగ్గొట్టి ఉంటుంది. మా నాన్న తుపాకి ఈ రెండో రకం. దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది: క్యాపు తుపాకికి కొత్తగా చెకుముకి భాగాలు అమర్చి, ఎన్నడూ మారని పాతదని ఎక్కువ ధరకు అమ్ముతారు. నిజంగా చెకుముకితో ఏళ్ల తరబడి పేల్చినదైతే రంజకపు రంధ్రం చుట్టూ లోహం మంటకు తినేసి గుంటలు పడి ఉంటుంది. కొత్తగా డ్రిల్లు పెట్టిన రంధ్రం అంచు ఎంత నల్లరంగు పూసినా పదునుగానే దొరికిపోతుంది.

కంపెనీ సైన్యం వాడిన చెకుముకి తుపాకుల్లో మన వైపు దొరకడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఇండియా ప్యాటర్న్ అనే రకం. కంపెనీ కోసం తయారైన ఆ నమూనానే 1797లో బ్రిటిషు సైన్యం కూడా తీసుకుంది. గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి వ్యాసం ముప్పాతిక అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. చెకుముకి రాయిని పట్టుకునే సుత్తి మెడ హంస మెడలా సన్నగా వంగి ఉంటే అది 1809కి ముందు తరహా, మెడకు వలయంలా బలం ఇచ్చి ఉంటే ఆ తరువాతి తరహా. చిత్తూరు పాళెగాళ్ల తిరుగుబాట్లను 1805 ప్రాంతంలో కంపెనీ అణచివేసిన రోజులకు ఈ రెండింటిలో ఏది సరిపోతుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. కథ చెప్పేవాడు సుత్తి మెడను చూడడు, మనం చూడాలి.

రైఫిల్ అనే మాటను కూడా మనవాళ్లు పొడవుగా ఉన్న ప్రతి తుపాకికీ వాడేస్తారు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటేనే రైఫిల్. మన జిల్లాల్లో పంట కాపలాకు ఉన్న మజిల్ లోడర్లు నున్నటి గొట్టం తుపాకులు, రైఫిళ్లు కావు. అందువల్ల ఎవరైనా మూతి నుంచి కూరే రైఫిల్ అని తెస్తే, లోపల ఖాళీ అని రూఢి చేసుకున్నాక, చిన్న ఎల్.ఇ.డి. దీపాన్ని దారానికి కట్టి గొట్టంలోకి దించి గాడులు లెక్కపెట్టాలి. బ్రిటిషు సైన్యం వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిల్‌కు మూడు గాడులు ఉంటాయి. గొట్టం 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళం, మూడు ఇనుప పట్టీలు గొట్టాన్ని కర్రకు బిగించి ఉంచుతాయి. 1857 తిరుగుబాటుకు నిప్పంటించిన కొవ్వు తూటాలు దీనివే.

ఆ నమూనాలోనే ఒక తిరకాసు ఉంది, నాకు ఇదంతా ఆసక్తి కలిగించింది కూడా దాని వల్లనే. తిరుగుబాటు తరువాత సిపాయిల చేతుల్లో గురి తప్పని రైఫిళ్లు ఉంచడానికి ఇంగ్లీషువాళ్లు భయపడ్డారు. చూడడానికి అచ్చం ఎన్‌ఫీల్డులా ఉండి, లోపల గాడులు లేని, 0.656 అంగుళం వ్యాసం గల నున్నటి గొట్టపు తుపాకులను 1858లో తయారు చేయించి భారత సైనికులకు ఇచ్చారు. మొదట్లో రైఫిల్ గొట్టాల గాడులను కోసేసి వెడల్పు చేయడంతో గోడలు పలచబడి, గొట్టాలు సొట్టలు పడడం, వంగడం మొదలైంది. దాంతో 1859లో మందపాటి గొట్టంతో ఇంకో నమూనా తెచ్చారు. దూరాన్ని బట్టి పైకి లేపే గురిపలక కూడా వీటికి ఉండదు. ఇది తెలియని సేకర్త ఇలాంటిది చేతికి వస్తే, గాడులు అరిగిపోయిన పాడు ఎన్‌ఫీల్డు అని తీసి పారేస్తాడు. నిజానికి అది అరిగిన రైఫిల్ కాదు, అపనమ్మకంతో పుట్టిన తుపాకి, మన దేశం కోసమే పుట్టిన తుపాకి. అరుగుదలా, పుట్టుకా అని తేల్చేది వెర్నియరు: అరిగిన గొట్టం మూతి దగ్గర ఒక కొలత, లోపల ఇంకో కొలత చూపుతుంది, గాడుల ఆనవాళ్లు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి.

ఎన్‌ఫీల్డు లాకు మీద కిరీటం, సంవత్సరం పక్కన ఉండే మాటను కూడా చదవాలి. ఎన్‌ఫీల్డు అని ఉంటే ప్రభుత్వ కర్మాగారంలో యంత్రాల మీద తయారైనది, దాని భాగాలు ఒకదానివి ఇంకొకదానికి సరిపోతాయి. టవర్ అని ఉంటే బర్మింగ్‌హాం, లండను కాంట్రాక్టర్లు చేతిపనితో కూర్చినది. ఇందులో ఏ తుపాకి భాగాలు దానికే సరిపోతాయి కాబట్టి, లోపలి వైపు కూర్పరులు కొట్టుకున్న చిన్న గీతలు, చుక్కలు గొట్టానికీ లాకుకూ కర్రకూ కలుస్తున్నాయో లేదో చూడాలి. కలిస్తే మూడూ ఒకే తల్లి బిడ్డలు. కలవకపోతే మూడు తుపాకుల శవాల నుంచి ఒకటి కట్టారు. బాణం గుర్తులు రెండు ఎదురెదురుగా మొనలు ఆనించుకుని ఉంటే సైన్యం దాన్ని పనికిరాదని అమ్మేసిందని అర్థం. అది లోపం కాదు, తుపాకి సైన్యం నుంచి ఊళ్లోకి ఎలా వచ్చిందో చెప్పే రశీదు.

నకిలీలను పట్టడానికి ఫిట్టరు బుద్ధి చాలు. స్టార్ స్క్రూ ఉంటే అక్కడితో కథ ముగిసింది, ఆ తల 1930లకు ముందు లేదు. గొట్టం లోపల నిలువునా ఒకే తీరున సన్నటి అతుకు కనిపిస్తే అది కర్మాగారపు పైపు. కర్రకూ లోహానికీ మధ్య గోరు దూరేంత సందు ఉండి, ఆ సందులో కొత్త చెక్క తెల్లగా కనబడితే కర్ర నిన్న చెక్కినది. తుప్పు బయటంతా ఒకే నారింజ రంగులో ఉండి, స్క్రూ తీస్తే దాని కింద లోహం మెరుస్తూ ఉంటే, కాలం పట్టించిన తుప్పు కాదు, ఎవరో పట్టించిన తుప్పు. ఇంగ్లీషు అక్షరాల గుణింతం తప్పితే మరీ మంచిది, మనకు శ్రమ తగ్గుతుంది.

మార్పుల విషయంలో మాత్రం పుస్తక జ్ఞానం ఉన్న సేకర్తలతో నాకు పేచీ ఉంది. సైనిక నమూనా చెడకుండా ఉంటేనే విలువ అని, గొట్టం కోసినా కర్ర మార్చినా విలువ పోయినట్టేనని వాళ్లు చెబుతారు. ధర విషయంలో వాళ్ల మాట నిజమే. మా తుపాకి గొట్టాన్ని ఎవరో ఎప్పుడో 39 అంగుళాల నుంచి 30 అంగుళాలకు కోశారు, పొదల్లో తిరగడానికి పొడవు అడ్డమని. కర్ర మన అడవి కర్రే. విదేశీ సేకర్త దాన్ని ముట్టుకోడు. నా దృష్టిలో కంపెనీ సిపాయి భుజం మీద నుంచి రైతు చెరకుతోట గట్టు మీదికి ఆ తుపాకి నడిచి వచ్చిన దారి ఆ కోతలోనే ఉంది. నూరేళ్ల కిందట వాడకం కోసం చేసిన మార్పును, నిన్న అమ్మకం కోసం చేసిన మార్పును ఒకే తక్కెడలో తూచకూడదు. మొదటిదాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. కోసిన గొట్టానికి ముక్క అతికి పాత పొడవు తెప్పిస్తామనేవాళ్లను ఇంటి గడప తొక్కనివ్వకూడదు.

అరుదుగా ఉండడమే విలువ అనుకోవడం కూడా పొరపాటే. 2003లో కాఠ్మండులోని ఒక పాత రాజభవనంలో ఏళ్ల తరబడి పడి ఉన్న వేలాది తుపాకులను అమెరికా వ్యాపారులు టోకున కొనుక్కుపోయి అమ్మకానికి పెట్టారు. ఇండియా ప్యాటర్న్ చెకుముకి తుపాకులు, ఎన్‌ఫీల్డులు, నేపాలులోనే వాటిని చూసి చేసినవి అందులో ఉన్నాయి. అప్పటిదాకా కష్టమ్మీద దొరికేవి ఒక్కసారిగా ఎవరికైనా దొరికాయి. అలాంటప్పుడు ఒక తుపాకిని ఇంకొకదాని నుంచి వేరుచేసేది కాగితమే. మా నాన్న లైసెన్సు పుస్తకంలో రాసిన నంబరు, గొట్టం మీద కొట్టిన నంబరు ఒకటే. ఆ రెండు రూపాయల పుస్తకం, టిప్పు పేరు చెక్కిన మూడు లక్షల గొట్టం కంటే నమ్మదగిన సాక్ష్యం. పాత లైసెన్సులను, పన్ను రశీదులను, తుపాకి పట్టుకుని దిగిన ఫొటోలను తుపాకితో పాటే ఉంచండి.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఒక సెకండ్‌హ్యాండు మజిల్ లోడర్ కొని, వీడియో కాల్‌లో చూపించి, "మామయ్యా, ఇది హాకెన్ రైఫిల్, 1840ల నాటిది" అన్నాడు. గొట్టం మీద థాంప్సన్ సెంటర్ అని కంపెనీ పేరు కనబడుతోంది. ఆ కంపెనీ హాకెన్ పేరుతో రైఫిల్ తేవడం మొదలుపెట్టింది 1970లో. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసిన అసలు రైఫిళ్లకు ఎక్కువగా ఇనుప సామాను ఉండేది, వాడిదానికి ఇత్తడి ధగధగలాడుతోంది. ఇటలీ నుంచి వచ్చే నకళ్లకైతే ఇంకా తేలిక: గార్డోనె ఊళ్లో తుపాకులను పేల్చి పరీక్షించే శాల కొట్టిన ముద్రల పక్కన సంవత్సరానికి గుర్తుగా రెండక్షరాలు ఉంటాయి, ఆ వరుస 1975లో మొదలైంది. నల్లటి పాతకాలపు తుపాకి మందు మాత్రమే వాడాలి అనే హెచ్చరిక ఇంగ్లీషులో చెక్కి ఉంటే అది ఖాయంగా ఈ కాలపు నకలు, ఎందుకంటే వేరే మందే లేని రోజుల్లో ఆ హెచ్చరిక ఎవరికీ తట్టదు. నకలు కాబట్టి వదిలేయమని వాడికి నేను చెప్పలేదు. గొట్టం లోపల శుభ్రంగా ఉండి, సుత్తిని సగం దాకా లాగినప్పుడు జారకుండా గట్టిగా నిలబడితే గురి పోటీలకు మంచి వస్తువు. బర్మింగ్‌హాంలో పార్కర్ హేల్ సంస్థ చేసిన ఎన్‌ఫీల్డు నకళ్లను ఇప్పుడు అక్కడివాళ్లు ఏరి కొనుక్కుంటున్నారు కూడా. వాడు మాత్రం మా నాన్న తుపాకిని తనకు పంపమన్నాడు. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు అవుతుందని, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరమని చెప్పి ఆ మాట అక్కడితో తుంచాను.

చట్టం విషయం ఇంతకంటే పొడిగించను, రెండే మాటలు చెప్తాను. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షను నిజమైన పంట రక్షణ అవసరానికి మజిల్ లోడింగ్ తుపాకికి లైసెన్సు ఇవ్వడాన్ని గుర్తిస్తుంది. 45వ సెక్షనులో పాత నమూనావైనా, పురాతన విలువ గలవైనా, పాడైపోయినవైనా, మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకిగా పనికిరానివైతేనే చట్టం పరిధిలోకి రావన్న మినహాయింపు ఉంది. ఈ మినహాయింపును తమకు తామే అన్వయించుకుని, ఇది పురాతనమైనదే కదా అని పేలగలిగే తుపాకిని ఇంట్లో పెట్టుకుంటే కేసు తప్పదు. లైసెన్సుదారు చనిపోతే వారసులు తుపాకిని స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న దుకాణంలో గానీ జమచేసి, తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. నేను అలాగే చేశాను. పనికి మూడేళ్లు పట్టింది, మధ్యలో 2022లో జిల్లాలు విడిపోయి మా కాగితం చిత్తూరుకూ తిరుపతికీ మధ్య కొన్నాళ్లు ఊగిసలాడింది, అయినా తుపాకి దక్కింది.

ఇప్పుడు నా విన్నపం. లైసెన్సు లేని తుపాకులను అప్పగించే కార్యక్రమం జరిగినప్పుడు, వాటిని ధ్వంసం చేయడానికి ముందు ఒక్క రోజు, రాష్ట్ర పురావస్తు శాఖ నుంచో, చంద్రగిరి రాజమహల్లో ప్రదర్శనశాల నడుపుతున్న కేంద్ర పురావస్తు శాఖ నుంచో ఒక అధికారిని, ఆయుధాల పని తెలిసిన ఒక మెకానిక్కును పిలిచి మజిల్ లోడర్లన్నింటినీ వరసగా చూపించాలి. లాకు మీద ముద్ర ఉన్నవాటిని, గొట్టం అచ్చులో తేడా ఉన్నవాటిని ఫొటో తీసి, కొలతలు రాసి పక్కన పెట్టాలి. పేలకుండా చేసి ప్రదర్శనశాలకు ఇవ్వగలిగినవి ఇవ్వాలి. తక్కినవాటిని నిరభ్యంతరంగా ముక్కలు చేయవచ్చు. అప్పగించినవాళ్ల ఊరు, తుపాకి వాళ్ల ఇంటికి ఎలా వచ్చిందని వాళ్లు చెప్పుకుంటారో ఒక కాగితం మీద రాసుకుంటే, హైదరాలీ కథల మధ్య ఎక్కడో ఒక నిజం కూడా దొరకవచ్చు. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో తంజావూరు ఆయుధాలు, హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియంలో నవాబుల ఆయుధాలు చూసి వచ్చినవాళ్లం మనం. పాళెగాళ్లు ఏలిన మన సీమలో రైతు చేతిలో అరిగిన తుపాకి ఒక్కటైనా అద్దం వెనుక ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

అలాంటి పరీక్ష ఏర్పాటైతే, వెర్నియరు పట్టుకుని ఒక మూల కూర్చుని కొలతలు తీసి ఇవ్వడానికి రూపాయి తీసుకోకుండా వస్తాను. మా నాన్న తుపాకిని, దాని లైసెన్సు పుస్తకాన్ని, నా ఎమెరీ కాగితం మిగిల్చిన ఆ సింహం తోకను అందరికంటే ముందు నేనే బల్ల మీద పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐ.టి.ఐ. బోధకుడు,
తిరుపతి.